ముందు వోల్టేజీ చూడన్నా

షోలాపూర్ అనగానే మీకు చాదర్లు, టెర్రీ టవళ్ళు గుర్తొస్తాయి. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న సరుకు కదా, తప్పేం లేదు. ఇవాళ్టి కబుర్లు మాత్రం ఆ టవళ్ళు నేసే షెడ్డు గోడ పక్కన, పైన పాత చాదరు కప్పి నిలబెట్టిన కారు మీద. మా తూర్పు పేటల్లో అశోక్ చౌక్ వైపు వెళ్ళినా, కన్నా చౌక్ వైపు వెళ్ళినా, ఏ సందులోకి తొంగిచూసినా అలాంటిదొకటి కనిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తాతలు బతుకుదెరువుకి వచ్చారు. మనవలు సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు కొన్నారు. దానికి పనెప్పుడు? పెళ్ళిళ్ళకి, తుల్జాపూర్ భవాని దర్శనానికి, ఎప్పుడో ఒకసారి సొంతూరికి. తక్కిన రోజులన్నీ అది చాదరు కప్పుకునే ఉంటుంది.

తీరా బయల్దేరే రోజు పిల్లాజెల్లా ఎక్కి కూర్చుంటారు, పులిహోర డబ్బా వెనక సీట్లో సర్దుతారు, తాళం తిప్పితే "టిక్ టిక్ టిక్". అంతే. సందులోని కుర్రాళ్ళంతా చేరి ధక్కా కొడతారు. పాత అంబాసిడర్ అయితే దానికే లేచేది. ఇప్పటి బండికి పెట్రోలు పంపు తిరగాలన్నా, కంప్యూటర్ మేలుకోవాలన్నా, డైనమో కరెంటు పుట్టించాలన్నా బ్యాటరీలో కాస్తయినా ప్రాణం మిగిలుండాలి. పూర్తిగా దిగిపోయిందంటే కుర్రాళ్ళ చెమటే ఖర్చు.

"ఎక్కువ తిప్పనే తిప్పలేదు, బ్యాటరీ ఎలా పోయింది?" అని మీరడుగుతారు. తిప్పలేదు గనకే పోయింది. తాళం తీసేసినా కారులో గడియారం, రిమోట్ లాక్, కంప్యూటర్ కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 40 మిల్లీఆంపియర్లు అనుకోండి, అది పెద్ద లెక్కేం కాదు, చాలా బళ్ళలో మామూలే. రోజుకి 24 గంటలు చొప్పున దాదాపు ఒక ఆంపియర్-అవర్. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. మూడు వారాలు కదలకుండా ఉంటే సగానికి పైగా ఖాళీ. మధ్యలో ఒకసారి కూరగాయలకని ఏసీ వేసుకుని పది నిమిషాలు తిరిగొస్తే ఆ లోటు పూడదు. అలా అరకొరగా ఉండిపోయిన బ్యాటరీలో సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. దానికి తోడు మా ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్తే కాదు. చలి బ్యాటరీని ఇబ్బంది పెడుతుంది, ఎండ దాని ఆయుష్షునే తినేస్తుంది.

అసలు కథ ఆ తర్వాతే. ఎవరి బండి నుంచో జంప్ కొట్టి లేపి, ఆ నీరసపు బ్యాటరీతోనే హైదరాబాద్ రోడ్డెక్కుతారు. నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్. దారి పొడుగునా డైనమో తన శక్తంతా పెట్టి ఆ బ్యాటరీని నింపడానికి చూస్తుంది. పైన ఏసీ, రాత్రయితే హెడ్‌లైట్లు. డైనమో ఉన్నది మెల్లగా తగ్గిన ఛార్జీని పూడ్చడానికి, చచ్చినదాన్ని బతికించడానికి కాదు. వేడెక్కి డయోడ్లు పోతాయి. అందుకే నేనంటాను, హైవే మీద పోయిన డైనమోకి జబ్బు చాలాసార్లు సందులోనే మొదలవుతుంది.

దాన్ని ఆల్టర్నేటర్ అనాలని నాకూ తెలుసు. మా మిస్త్రీలు డైనమో అంటారు, నేనూ అదే అంటాను.

ఇక డబ్బు దగ్గరికొద్దాం. నేను చూసినంతలో జనం ఎక్కువగా నష్టపోయేది ఒకటి పాడైతే ఇంకోటి మార్పించి. మొన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణం దగ్గర కూర్చున్నాను. ఒకాయన వచ్చి, "కొత్త బ్యాటరీ ఏసి నెల గూడ కాలే, మళ్ళ దిగింది. కంపెనీవాడు మోసం జేసిండు" అని మొదలుపెట్టాడు.

"ముందు వోల్టేజీ చూడన్నా" అని మిస్త్రీ మీటరు తీశాడు. బండి ఆపి ఉండగా 12.1. స్టార్ట్ చేయించి, రేస్ ఇప్పించాడు. ముల్లు మీటరు కాదు, అంకెలది. 12.1 కాస్తా 11.9 అయింది.

"బ్యాటరీ కొత్తదైతేంది అన్నా, దాన్ని నింపేటోడు పండుకున్నడు."

ఆ అంకెలు మీరూ గుర్తుపెట్టుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త బళ్ళు కావాలనే కాస్త అటూ ఇటూ చేస్తాయనుకోండి. 12 దగ్గరే ఆగిపోతే డైనమో పనిచేయట్లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడుకుతోంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా రావచ్చు. నడిచేటప్పుడు 14 ఉండి, తాళం తిప్పినప్పుడు మాత్రం తొమ్మిదిన్నర కిందికి పడిపోతే బ్యాటరీదే లోపం. ఇవన్నీ చూసే ముందు టర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి చూడండి. వంట సోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడిగి, బిగించి చూస్తే చాలా బళ్ళు అక్కడే లేస్తాయి. పైసా ఖర్చుండదు.

ఇంజిన్ నడుస్తుండగా టర్మినల్ ఊడబీకి "ఆగిపోలేదు కాబట్టి డైనమో బాగుంది" అని తేల్చే మిస్త్రీ ఎవరైనా ఎదురైతే, ఆయన చెయ్యి పట్టుకుని ఆపండి. నిజమైన డైనమోల రోజుల్లో చెల్లిన పద్ధతి అది. ఇప్పుడలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లను, కంప్యూటర్‌ను కూడా తీసుకుపోతుంది.

కొత్త బ్యాటరీ దిగిందని వచ్చిన ఆ పెద్దమనిషి బండి డైనమోని అక్కడే దించారు. పొడుగు బోల్టులు తీసి రెండు చెక్కలుగా విడదీస్తే లోపల నల్లటి కార్బన్ పొడి. రెండు కార్బన్ ముక్కలు అరిగిపోయి గోరంత మిగిలాయి. అవి రాసుకునే రాగి రింగు మీద గోరు పెడితే గాడి తగులుతోంది. పైన గాలి దూరే సందుల్లో, నూనె తడికి అంటుకున్న పత్తి నూగు. షెడ్డు పక్కన నిలబెడితే మరి ఏం చేరుతుంది? అంతకుముందు ఆయన్ను ఎవరో మొత్తం డైనమోనే మార్చాలన్నారట. కొత్తదైతే బండిని బట్టి ఎనిమిది వేల నుంచి పదిహేను వేలు, పెద్ద బళ్ళకి ఇంకా ఎక్కువ. ఇక్కడ కార్బన్లు, బేరింగులు, మజూరీ కలిపి దాదాపు రెండు వేలలో తేలింది. రెగ్యులేటరో డయోడ్ ప్లేటో పోయుంటే ఇంకో వెయ్యో రెండు వేలో పడేది.

విప్పి చూడ్డం మా వాడ గుణం. సాంచా (మరమగ్గం) మోటరు కాలితే ఎవరూ కొత్తది కొనరు, రివైండింగ్‌కి ఇస్తారు. నెలకి ఎన్ని చాదర్లు దిగితే అన్ని రూపాయలు వచ్చే ఇళ్ళు మరి. ఆ గుణం నాకు ముద్దే. కానీ ఒక్కచోట మాత్రం నేను అడ్డం తిరుగుతాను. సాంచా మోటరు చుట్టేవాడికి కారు డైనమో చుట్టమని ఇవ్వకండి. చూడ్డానికి రెండింట్లోనూ రాగి తీగే. సాంచా మోటరు నిమిషానికి 960 నుంచి 1,440 చుట్లు తిరుగుతుంది. డైనమో పుల్లీ చిన్నది, ఇంజిన్ కంటే రెండున్నర మూడింతలు వేగంగా తిరుగుతుంది. హైవే మీద ఇంజిన్ 3,000 దగ్గర ఉంటే అది ఎనిమిది వేలో తొమ్మిది వేలో. ఆ వేగానికి, ఆ వేడికి తీగ మందం, చుట్ల లెక్క, వార్నిష్ అన్నీ కుదరాలి. లోపలి చుట్టు నల్లగా మాడి ఉంటే బేరాలు మానేసి, వారంటీ ఇచ్చే రీకండిషన్ పీసో కొత్తదో వేయించండి.

రాత్రి దారిలో ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలిగితే? ఇంజిన్ ఆపకండి, మళ్ళీ లేవకపోవచ్చు. ఏసీ, పాటలు, ఫోను ఛార్జర్ ఆపేయండి. హెడ్‌లైట్లు రెండే తొమ్మిది ఆంపియర్లు లాగుతాయి, ఇంజిన్ అవసరాలు వేరే. మంచి బ్యాటరీ అయితే సుమారు గంట దొరుకుతుంది. ఆలోగా వెలుతురున్న ఊరు చేరాలి. వేడి ముల్లు కూడా ఎక్కుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. బెల్టు తెగి ఉంటుంది, చాలా బళ్ళలో నీళ్ళ పంపు తిరిగేది కూడా దాంతోనే.

బ్యాటరీ కొనేటప్పుడు ఏ కంపెనీ అన్నది మీ ఇష్టం. తిరుపతి పక్కన కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు 1985లో మొదలుపెట్టిన అమరరాజా వాళ్ళ సరుకు మీద మా తెలుగువాళ్ళకి కొంచెం పక్షపాతం ఉంది, నాక్కూడా. తయారైన తేదీ మాత్రం చూడండి, దుకాణంలో నెలల తరబడి కూర్చున్నదైతే అక్కడే సగం ముసలిది. కార్డు మీద 48 నెలలని ఉంటే అందులో 24 ఉచితం, తర్వాతి 24 ప్రోరేటా అయి ఉండొచ్చు, విడగొట్టి అడగండి. ప్రోరేటా తగ్గింపుని ఎమ్మార్పీ మీద లెక్కగడతారు, మీరు బేరమాడి కొనే ధర మీద కాదు. చివరికి మిగిలేది కొంచెమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, బిల్లులో అది సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. పాత బ్యాటరీకి ఎంత తగ్గించారో అదీ బిల్లులో రాయించండి. దానిలోని సీసానికి ధర ఉంది, ఊరికే వదిలి రావక్కర్లేదు.

"నెలంతా బండి తీయను, ఏం చేయమంటావు?" అంటారా. 10 నంబర్ పానాతో నెగెటివ్ తీగ విప్పి పక్కన పెట్టండి. మళ్ళీ బిగించాక గడియారం, రేడియో స్టేషన్లు సరిచేసుకోవాలి. అన్నట్టు, తీగ తీసున్నప్పుడు రిమోట్‌తో తలుపు తెరుచుకోదు. అసలు తాళం చెవి ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచండి.