బుష్షు ఎందుకు చిరిగింది?

ఇనప గొట్టంలో ఇంకో ఇనప గొట్టం, నడుమ రబ్బరు. బుష్షంటే ఇంతే. కారు ముందు చక్రాలను పట్టుకునే లోయర్ ఆర్ము దీని మీదే ఊగుతుంది. చక్రం గోతిలో దిగి లేచినప్పుడల్లా రబ్బరు కాస్త మెలిపడి, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. సవ్యంగా ఉంటే ఏళ్ళ తరబడి చాకిరీ చేస్తుంది.

మా కారుకు వేయించిన కొత్త బుష్షులు ఎనిమిది నెలలకే టక్కుటక్కుమన్నాయి. "మన రోడ్లంతేనండీ, మళ్ళీ మార్చేద్దాం" అన్నాడు వేసిన మెకానిక్. జ్వరం సంగతి చూడకుండా దుప్పటి మార్చినట్టుందీ వైద్యం! పైగా వచ్చే నెల మా అమ్మాయిని పురిటికి తీసుకురావాలి. ఈ రబ్బరు బాగా చిరిగితే, బ్రేకు వేసినప్పుడు చక్రం జరిగి బండి పక్కకు లాగుతుంది.

మా వీధి చివర షెడ్డులో ఉండే పెద్దాయనకు చూపించాను. ఆయన వెంటనే స్పానరు పట్టలేదు. బండి కింద దీపం పెట్టి చూశాడు. నూనె కారితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందట. అక్కడ నూనె చుక్క లేదు. షాక్ అబ్సార్బర్లు పాడైతే బుష్షుకు దెబ్బలు ఎక్కువ. అవి బాగానే ఉన్నాయి. ఒకపక్కే పోతే ఆర్ము వంగిందేమోనని అనుమానించాలి. ఇక్కడ రెండుపక్కలా ఒక్కలాగే, లోపలి గొట్టం చుట్టూ చిరిగాయి.

"రోడ్డును ఆడిపోసుకోకండి బాబూ! బండి జాకీ మీదుండి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు బిగించేసి ఉంటారు" అన్నాడు.

సంగతేమిటంటే, బోల్టు బిగించగానే లోపలి గొట్టం అక్కడే కరుచుకుపోతుంది. తరువాత బండిని నేలకు దించితే ఆర్ము పైకి లేస్తుంది. ఇక బండి ఇంట్లో ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు మెలిపడే ఉంటుంది. దానికి రాత్రీ పగలూ విశ్రాంతి లేదు. విశ్రాంతి లేనిది ఎన్నాళ్ళు మన్నుతుంది?

ఈసారి బోల్టులు వదులుగా పెట్టి, బరువంతా చక్రాల మీద పడ్డాక పెద్దాయన చివరి బిగింపు బిగించాడు. తరువాత అలైన్‌మెంటు చూపించుకోమన్నాడు. ఈ మాట మొదటి మెకానిక్‌కు చెబితే కోపగించుకోలేదు. "మాకు నేర్పినవాళ్ళు ఇలాగే నేర్పారండీ" అని ఊరుకున్నాడు.

మీరూ ఇలాంటి బుష్షులు వేయిస్తుంటే, డబ్బు చేతిలో పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉండగానేనా?"