కాళ్ళతో వినడం

"కాస్త కూర్చుంటారా? మేం సంగీతం వినడానికి వచ్చాం."

వెనకనుంచి ఆ మాట వినపడగానే మా ఆవిడ చెయ్యి వదిలేసి పచ్చికలో కూలబడ్డాను. ఏప్రిల్ మధ్యాహ్నం, న్యూ ఆర్లీన్స్, మిసిసిపీ ఒడ్డున ఫ్రెంచ్ క్వార్టర్ ఫెస్టివల్. 1984 నుంచీ జరుగుతున్న ఉత్సవం ఇది. టికెట్ అక్కర్లేదు, ఊరంతా స్టేజీలే. హ్యూస్టన్ నుంచి ఆరు గంటలు డ్రైవ్ చేసి వచ్చింది స్వింగ్ డాన్స్ చేద్దామని. జాజ్‌తో పాటే పెరిగిన డాన్స్ అది. జాజ్ ఉత్సవంలోనే దానికి చోటు లేదంటే కోపం రావాలి. నాకు రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే ఆయన అన్నమాట ఒకప్పుడు నేను రాసిందే.

చాలా ఏళ్ళ కిందట జాజ్ మీద ఒక వ్యాసం రాశాను. "డాన్స్ ఫ్లోర్ నుంచి బయటపడ్డాకే జాజ్ కళ అయింది" అని అందులో ఒక వాక్యం. ఆ వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. ఇంజనీరింగ్ హాస్టల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చార్లీ పార్కర్‌నీ కోల్ట్రేన్‌నీ విన్నవాణ్ణి. స్వింగ్ కాలపు బిగ్ బ్యాండ్లంటే నాకు మన పెళ్ళి ఊరేగింపుల బ్యాండుమేళంతో సమానం. (బ్యాండుమేళాన్నీ సరిగ్గా విన్నది లేదనుకోండి.)

మా ఆవిడ లిండీ హాప్ క్లాసులో చేరి నన్నూ లాక్కెళ్ళింది. మొదటిరోజు పెట్టినవాటిలో కౌంట్ బేసీ పాట ఒకటి నేను ఎన్నోసార్లు విన్నదే. అందులో ఎవరు సోలో వాయించారో కూడా చెప్పగలను. కానీ ఎనిమిది బార్లు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతున్నాయో నా కాళ్ళకి తెలీలేదు. పక్కనున్న, జాజ్ అంటే ఏమిటో తెలియని కాలేజీ పిల్లకి తెలిసింది.

అప్పుడు మొదలైంది నా చదువు. హార్లెమ్‌లో లెనాక్స్ ఎవెన్యూ మీద 1926లో సవాయ్ బాల్‌రూమ్ తెరిచారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే ఫ్లోర్ మీద డాన్స్ చెయ్యడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. లిండీ హాప్ పెరిగింది అక్కడే. చిక్ వెబ్ అనే డ్రమ్మర్ బ్యాండ్ ఆ హాలుకి సొంత బ్యాండ్ లాంటిది. డాన్సర్లు ఫ్లోర్ వదిలి వెళ్ళిపోతే బ్యాండ్‌కి పరువు పోయినట్టే. అంటే ఆ సంగీతానికి మొదటి విమర్శకులు డాన్సర్లు.

మరి వీళ్ళిద్దరూ ఎలా విడిపోయారు? కళ ఎదిగిందనే కథ ఒక్కటే నాకు తెలుసు. పన్ను కథ తెలీదు. 1944లో అమెరికా ప్రభుత్వం యుద్ధం ఖర్చుల కోసం డాన్సూ పాటా ఉన్న క్లబ్బుల మీద 30 శాతం పన్ను వేసింది. కొన్ని నెలలకే 20కి తగ్గించినా అది చాలా ఏళ్ళు ఉండిపోయింది. ఉత్త వాయిద్యాలు వినిపిస్తే మాత్రం ఆ పన్ను లేదు. క్లబ్బు యజమానికి అంతకంటే ఏం కావాలి? డాన్స్ జరిగే జాగాలో కుర్చీలు వేస్తే సరి. బీబాప్ ఈ పన్ను వల్లే పుట్టిందనడం తప్పు. పార్కర్, గిలెస్పీ అప్పటికే ఆ దారిలో ఉన్నారు. కానీ శ్రోతల్ని కూర్చోబెట్టిన కారణాల్లో ఇదీ ఒకటి. నేను సౌందర్యశాస్త్రం అనుకున్నదాంట్లో కొంత భాగం పన్నుల శాఖ రాసింది.

సరే, ఆ శనివారానికి వస్తాను. నేను ఊరికే రాలేదు. స్ప్రెడ్‌షీట్‌తో వచ్చాను. బ్యాండ్ పేరు, స్టేజీ, టైము, టెంపో. రెండు వారాలు కూర్చుని అందరి రికార్డింగులూ విని నిమిషానికి ఎన్ని బీట్లో లెక్కపెట్టాను. 120 నుంచి 180 మధ్య ఉంటే లిండీ హాప్‌కి హాయి. 220 దాటితే బల్బోవా చెయ్యాలి, లేదా నీడ చూసుకోవాలి. ఆకుపచ్చ రంగు వేసుకున్న బ్యాండ్లు పదకొండు.

మధ్యాహ్నానికి ఆరు తప్పిపోయాయి. ఒకటి రికార్డులో 160, స్టేజీ ఎక్కాక 250. ఇంకోటి సరైన వేగమే, కానీ ఒక్కో పాట పన్నెండు నిమిషాలు. అందరూ సోలోలు వాయించాల్సిందే. నాలుగో నిమిషానికే చొక్కా తడిసిపోయి ఉంటుంది, పార్ట్‌నర్ చెయ్యి జారిపోతుంటుంది. ఇంకోచోట డ్రమ్మర్ అద్భుతం, కానీ బీటుని ఎక్కడా నేరుగా కొట్టడు. కూర్చుని వింటే ఎంత బావుంటుందో! పచ్చికలో షూ తిరగదు, మోకాలు తిరుగుతుంది. పైగా నదీ తీరపు ఎండ.

"నీ షీట్ మూసెయ్ కాసేపు, చెవులతో వెతుకుదాం" అంది మా ఆవిడ.

రాయల్ స్ట్రీట్‌లో పగలు కార్లు రానివ్వరు. వీధి సంగీతమంతా అక్కడే. 2009లో పుట్టిన టూబా స్కిన్నీ లాంటి బ్యాండ్లు పేరు తెచ్చుకున్నది ఇలాంటి వీధుల్లోనే. ఆ రోజు మాకు దొరికింది నా షీట్‌లో లేని బ్యాండ్. సూజఫోన్, బ్యాంజో, క్లారినెట్, ట్రంపెట్, ఒక వాష్‌బోర్డ్. మైకు లేదు. ముందు గిటార్ కేసులో డాలర్ నోట్లు. నాలుగు బీట్లూ నాలుగు మెట్లలా తిన్నగా ఉన్నాయి. సూజఫోన్ ఒకటికీ మూడుకీ, బ్యాంజో రెండుకీ నాలుగుకీ.

పన్నెండు బార్ల బ్లూస్. పన్నెండు బార్లంటే 48 బీట్లు, మా స్వింగౌట్ ఎనిమిది బీట్లు, అంటే ఆరు స్వింగౌట్లకి ఒక ఆవృతం. ఈ లెక్క నాకు కాగితం మీద ఎప్పుడో తెలుసు. తారు రోడ్డు మీద మాత్రం మూడో ఆవృతంలో తెలిసింది. తర్వాతి ఆవృతంలో బ్యాండ్ అంతా ఒక్కసారిగా ఆగి, ఒకటో బీటు మాత్రమే కొట్టి, మిగతా మూడూ ఖాళీగా వదిలేసింది. స్టాప్‌టైమ్ అంటారు. రికార్డుల్లో వందసార్లు విన్నాను, సోలో వాయించేవాడికోసం అనుకునేవాణ్ణి. వాష్‌బోర్డ్ అమ్మాయి మా కాళ్ళకేసి చూస్తోంది. ఆ ఖాళీ మాకే! మా ఆవిడకి నాకంటే ముందే అర్థమైంది, అడుగులతో దాన్ని నింపేసింది. నేను ఒక బీటు లేటు. తర్వాతి బారులో అందుకున్నాను. ఆ అమ్మాయి నవ్వి, మా ఆవిడ వేసిన లయనే వాష్‌బోర్డ్ మీద తిరిగి వాయించింది.

అంతే. ఇరవై సెకన్లు ఉంటుందేమో. ఇన్నేళ్ళు ఇంత జాగ్రత్తగా విన్నాననుకున్న సంగీతం నావైపు తిరిగి ఒక ప్రశ్న అడగడం మొదటిసారి. కుర్చీలో కూర్చుంటే ధ్యాస తప్పినా ఎవరికీ తెలీదు. డాన్స్‌లో తప్పితే చెయ్యి పట్టుకున్న మనిషికి తెలిసిపోతుంది. డాన్స్‌కి పనికొచ్చే బ్యాండ్ ఏదని ఎవరైనా అడిగితే ఇప్పుడు టెంపో చెప్పను. కాసేపు నిలబడి, వాళ్ళు ఎటు చూస్తున్నారో చూడమంటాను.

రాత్రి ప్రిజర్వేషన్ హాల్‌కి వెళ్ళాం. 1961 నుంచీ నడుస్తున్న చిన్న గది. కొందరు నేలమీద, కొందరు బెంచీల మీద. డాన్స్‌కి జాగా లేదు. అందరితోపాటు బుద్ధిగా కూర్చుని విన్నాను. మధ్యాహ్నం మమ్మల్ని కూర్చోమన్న ఆయనతో నాకు పేచీ లేదు, ఆయన సంగీతం ఆయన్ని విననివ్వాలి. కానీ నా వ్యాసంలో ఆ వాక్యం ఇంకా అలాగే ఉంది. దాన్ని కొట్టెయ్యకుండా, కింద ఈ రోజు జరిగింది రాయాలనుకుంటూ కూర్చున్నాను.

రెండో పాట మధ్యలో మా ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఆపు. ముందువాళ్ళ వీపుకి తగుల్తోంది."