వంటింట్లో ప్లగ్గు ఏ కాలం నాటిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేయించి చూడు అని మాత్రం ఎందుకో అనలేదు. ఆ అన్నవాళ్లకి అలాంటి అవసరం పడలేదేమో! నన్నడిగితే ఆ రెండూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

మా అత్తవారిది గోదావరి పక్క పల్లెలో మండువా లోగిలి. మధ్యన ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, టేకు స్తంభాలు, గానుగ సున్నం గోడలు. ఆ ఊరికి కరెంటు రాకముందే కట్టిన ఇల్లది. పడగొట్టి కొత్తది కడదామన్న మాట ఒకసారి బయలుదేరి, మా అత్తగారి మొహం చూసి అక్కడే ఆగిపోయింది. సరే, బాగుచేయిద్దాం అనుకున్నాం. పెంకులు మార్చడానికి ఎవరూ పేచీ పెట్టలేదు. గోడలకి సిమెంటు వద్దు, సున్నమే మెత్తాలి అంటే తలలూపారు. దెబ్బలాటంతా ఎక్కడొచ్చిందనుకున్నారు? ప్లగ్గుల దగ్గర!

మా బావగారబ్బాయి ఆర్కిటెక్టు. "ఈ గోడల మీద తెల్ల ప్లాస్టిక్ బోర్డులు బిగిస్తే, పట్టుచీర కట్టుకుని హవాయి చెప్పులేసుకున్నట్టుంటుంది పిన్నీ!" అన్నాడు. నిజమే మరి. పాతకాలపు తరహావి ఇప్పుడు కొత్తగా చేసి అమ్ముతున్నారట, బొమ్మలు చూపించాడు. ఇత్తడి పలక మీద చిన్న పిడి ఉన్న స్విచ్చిలు, తెల్లటి పింగాణీవి, టేకు దిమ్మ మీద నల్లటి బేకలైటు గుండ్రాలు. బేకలైటు 1907లో లియో బేకలాండ్ అనే ఆయన కనిపెట్టిన సరుకు. వేడికి కరగదు, కరెంటుని పోనివ్వదు. మన చిన్నప్పుడు 'టక్' మని చప్పుడు చేసిన నల్ల స్విచ్చిలన్నీ దాని సంతానమే.

ఇంట్లో ఉన్న పాతవాటినే తుడిచి వాడుకోకూడదా అంటారా? ఎలక్ట్రీషియను ఒక బోర్డు విప్పి చూపించాడు. తీగల మీద రబ్బరూ, దాని మీద నూలు అల్లికా. అన్నేళ్లకి ఆ రబ్బరు ముట్టుకుంటే అప్పడంలా పొడైపోయింది. ప్లగ్గులకి రెండే బెజ్జాలు, ఎర్తు లేనే లేదు. "చూసుకోడానికి దాచుకోండమ్మగారూ, వాడుకోడానికి కాదు" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఇత్తడి పలక అందంగానే ఉంటుంది గానీ అది లోహం. వానాకాలం చెమ్మెక్కే సున్నపు గోడకి దాన్ని బిగిస్తే, ప్రతి పలకకీ ఎర్తు తీగ కలిపి తీరాలి. నగ పెట్టుకోగానే సరా, శీల బిగించుకోవద్దూ?

ఈ గొడవలో నేను తెలుసుకున్న తమాషా ఒకటి చెప్పాలి. మనం రోజూ వాడే గుండ్రటి మూడు కాళ్ల ప్లగ్గు అసలు ఇంగ్లీషువాళ్లది. 1934లో వాళ్లు దానికి కొలతలు రాసుకున్నారు. 1947లో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, పలక కాళ్ల ప్లగ్గు తెచ్చుకుని దీన్ని మెల్లిగా పక్కన పెట్టేశారు. మనం మాత్రం ఇంకా దీంతోనే కాపరం చేస్తున్నాం. అంటే మన బజారులో దొరికే మామూలు ప్లగ్గే పాతకాలందన్నమాట! యుద్ధమయ్యాక కట్టే ఇళ్లలో కరెంటు ఎలా ఉండాలో ఆలోచించడానికి వాళ్లు వేసుకున్న సంఘంలో 20 మంది ఉంటే, అందులో ఒక్కరే స్త్రీ. ఆవిడ పేరు కరోలైన్ హాస్లెట్, ఇంజనీరు. ఆ తర్వాత వచ్చిన పలక కాళ్ల ప్లగ్గుల బెజ్జాలకి లోపల రెక్కలుంటాయి. పొడుగాటి ఎర్తు కాలు దూరాకే అవి తెరుచుకుంటాయి. పసివాడు పిన్నీసు దూర్చినా అందదు. ఇల్లు నడిపేవాళ్ల మాట అడగాలని 20 మందిలో ఒక్కరి మేరకైనా తోచింది వాళ్లకి.

మా ఇంట్లో ఆ మాట అడక్కుండానే వచ్చింది.

మావాడు కాయితం మీద గీత గీసుకుంటూ, "ఈ ఇంటికి కరెంటు వచ్చినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే చేద్దాం" అన్నాడు. పీట మీద కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తగారు తలెత్తారు.

"వంటింట్లో కూడానా?"

"అన్ని చోట్లా నానమ్మా."

"అయితే వంటింట్లో ఏమీ పెట్టక్కర్లేదు. నీ పని సగం తగ్గింది."

వాడికి అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. కరెంటు వచ్చిన రోజున వీధి వసారాకి ఒక దీపం, సావిడికి ఒకటి, మావగారి గదికి ఒకటి, మండువాకి ఒకటి. వంటింట్లో చాలా ఏళ్లు కిరసనాయిలు బుడ్డే. తర్వాతెప్పుడో ఒక బల్బు వేలాడింది. మిక్సీ వచ్చినప్పుడు కూడా ప్లగ్గు పెట్టించలేదు, సావిడిలోంచి తీగ లాగారు. కోడళ్లం ఎసరు గిన్నెలు పట్టుకుని ఆ తీగ దాటుకుంటూ తిరిగాం.

"పాతకాలం, పాతకాలం అని మురుస్తున్నావు. అది సావిడి కాలంరా నాయనా. వంటింటి కాలం ఇంకా రానేలేదు."

మావాడు పెన్సిలు కింద పెట్టాడు. తెలివైన పిల్లాడే. "1964లో వెనిస్‌లో పెద్దవాళ్లు రాసుకున్న నియమం ఒకటుంది పిన్నీ. పాత కట్టడంలో పోయినచోట కొత్తది పెడితే, మొత్తంతో కలిసిపోవాలి, కానీ కొత్తదని తెలిసిపోవాలి. అసలైన పాతదని నమ్మించకూడదు" అన్నాడు. నానమ్మ మాటా అదేగా, వెనిస్ దాకా వెళ్లకుండానే!

చివరికి ఇలా తేలింది. సావిడిలో, వసారాల్లో దీపాలకి ఇత్తడి స్విచ్చిలు, ప్రతిదానికీ ఎర్తు. గోడలు తొలవకుండా టేకు బద్దల మీదే కొత్త తీగలు. ప్లగ్గులు మాత్రం నాటకం లేకుండా ఇప్పటివే, రెక్కలున్నవి, సున్నపు రంగువి. వంటింటికి ఆరు. వాటిలో రెండు 16 ఆంపియర్లవి. పొయ్యికీ నీళ్లకీ ఎడంగా, అత్తగారు వంగకుండా అందేంత ఎత్తులో. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే కరెంటు ఆపేసే బ్రేకరు ఇల్లంతటికీ.

ఆ ఆరూ చూసి మా అత్తగారు, "ఇన్నెందుకే అమ్మాయ్, దండగ!" అన్నారు. అంటూనే ఒక్కొక్క స్విచ్చీ వేసి, తీసి, మళ్లీ వేసి చూశారు.

మీ ఇంట్లో మొట్టమొదటి ప్లగ్గు ఏ గదిలో పెట్టించారో ఎవరినైనా పెద్దవాళ్లని అడిగి చూడండి. ఆ రోజుల్లో ఆ ఇల్లు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది.