తాతయ్య కళ్ళజోడు

మామయ్యగారు పోయి నెల దాటింది. ఆయన కళ్ళజోడు ఇంకా టీవీ పక్కనే ఉంది. తీసి లోపల పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మొన్న పొద్దున్న దోసెలు వేస్తుంటే మా ఏడేళ్ళవాడు మొదలుపెట్టాడు.

"అమ్మా, తాతయ్య ఎక్కడికెళ్ళారు?"

"దేవుడి దగ్గరికి."

"మరి కళ్ళజోడు లేకుండా దేవుణ్ణి ఎలా చూస్తారు?"

"అక్కడ అవసరం ఉండదులే."

"నీకెలా తెలుసు?"

బయట స్కూలు ఆటో హారన్. పెనం మీద దోసె మాడింది. "నోరు మూసుకుని తిను! పొద్దున్నే పిచ్చి ప్రశ్నలు!" అని అరిచేశాను. వాడు సగం దోసె వదిలేసి వెళ్ళిపోయాడు.

పనయ్యాక కూర్చుంటే, మామయ్యగారు చెప్పే నచికేతుడి కథ గుర్తొచ్చింది. కఠోపనిషత్తులోది. తండ్రి యజ్ఞం చేసి, వట్టిపోయిన ముసలి ఆవుల్ని దానమిస్తుంటాడు. "మరి నన్నెవరికిస్తావు?" అని కొడుకు మూడుసార్లు అడిగేసరికి విసుగెత్తి, "యముడికిస్తాను" అనేస్తాడు. పిల్లాడు నిజంగానే వెళ్తాడు. యముడు ఇంట్లో లేకపోతే మూడు రాత్రులు తిండి లేకుండా కాచుకుంటాడు. అందుకే మూడు వరాలు. మూడోది అందరికీ తెలిసిందే: చనిపోయాక మనిషి ఉంటాడా, ఉండడా? ఏనుగులు, గుర్రాలు, బంగారం, కోరినంత ఆయుష్షు ఇస్తానన్నా వాడు ఆ ప్రశ్న వదల్లేదు.

నాకు మాత్రం ఆరోజు మొదటి వరం గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా నాన్న కోపం చల్లారాలి, నేను తిరిగెళ్తే ప్రేమగా పలకరించాలి అన్నాడు. అంత పెద్ద ప్రశ్న మోసుకెళ్ళిన పిల్లాడు కూడా ముందు అడిగింది ఇదే!

విసుక్కున్నది కన్నతండ్రి. యముడేమో, నీలా అడిగేవాళ్ళు మాకింకా దొరకాలని మెచ్చుకున్నాడు. ఆలోచిస్తే నాకెందుకు కోపమొచ్చిందో అర్థమైంది. నెల్లాళ్ళుగా అదే ప్రశ్న నాలోనూ తిరుగుతోంది. వంట, అంట్లు, బట్టలు అంటూ దాన్ని దాటేస్తున్నాను. వాడు బయటికి అన్నాడు, అంతే.

సాయంత్రం వాడు రాగానే చెప్పాను. "పొద్దున్న అరిచాను కదా, తప్పు నాదేరా. తాతయ్య ఎక్కడున్నారో నాకూ తెలీదు. నాకూ తెలుసుకోవాలని ఉంది."

వాడు కళ్ళజోడు తెచ్చి చొక్కాతో తుడిచాడు. "మరి తాతయ్యకి ఇప్పుడు తెలిసిపోయి ఉంటుందా?" అన్నాడు.

స్టవ్ కట్టేసి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను.