బండి మెరవాలి... అడ్రసు దొరకాలి!

విజయవాడ బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద కాస్త ముందుకెళితే చాలు... సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, గ్రీజు వాసన కలిసికట్టుగా ఎదురొస్తాయి. అదే జవహర్ ఆటోనగర్. 1960ల్లో మొదలైన ఈ షెడ్ల ఊరు ఆసియాలోకెల్లా పెద్ద ఆటోనగర్లలో ఒకటని బెజవాడవాసులు గొప్పగా చెప్పుకుంటారు. ఉత్త ఛాసిస్‌తో లోపలికొచ్చిన లారీ ఇక్కడ బాడీ కట్టించుకుని, రంగులు వేయించుకుని, ముందు నిమ్మకాయలు వేలాడదీసుకుని పెళ్లికొడుకులా బయటికెళుతుంది. 2014లో వచ్చిన ‘ఆటోనగర్ సూర్య’ సినిమాతో ఈ పేరు బెజవాడ ఎప్పుడూ చూడనివాళ్లకీ పరిచయమైంది.

ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో వరస. కమాన్‌కట్టలవాళ్లు, రేడియేటర్లవాళ్లు, టింకరింగ్, పెయింటింగ్, సీటు కవర్లు, పాత సామాను కొట్లు... ఆ వరసల్లోకి ఈమధ్య మరో పని చేరింది. అదే కార్ డిటెయిలింగ్.

కడగడం వేరు... మెరిపించడం వేరు

నీళ్లు కొట్టి, షాంపూ రుద్ది, గుడ్డతో తుడిస్తే అది వాషింగ్. డిటెయిలింగ్‌లో కథ అక్కడే మొదలవుతుంది! రంగుకి అంటుకున్న సన్నటి ధూళిని ముందు బంకమట్టి లాంటి క్లే ముద్దతో లాగేస్తారు. తర్వాత పాలిషింగ్ మిషన్‌తో గీతలు పోగొడతారు. ఆపైన మైనమో, సిరామిక్ పూతో వేస్తారు. రంగుని కాపాడే పైపొర, అదే క్లియర్ కోట్, సాధారణంగా 40-50 మైక్రాన్లే ఉంటుంది. తల వెంట్రుక మందం కూడా ఉండదన్నమాట. మిషన్ ఒక్కచోటే ఎక్కువసేపు ఆగిందా, పొర అరిగిపోతుంది. మళ్లీ రంగు వేయించుకోవాల్సిందే. అందుకే ఈ పనిలో నమ్మకం ముందు, ధర తర్వాత.

ఆ నమ్మకం ఒకప్పుడు నోటిమాటతోనే వచ్చేది. ‘ఫలానా మేస్త్రి దగ్గరికెళ్లు’ అని ఒక డ్రైవరు మరో డ్రైవరుకి చెబితే చాలు, పని గుమ్మంలోకి వచ్చేది. లారీల యజమానులు ఒకరికొకరు తెలిసినవాళ్లు కాబట్టి అది సరిపోయింది. కారుకి పూత వేయించుకోవాలనుకునే బ్యాంకు ఉద్యోగికో, డాక్టరుకో ఆటోనగర్‌లో తెలిసినవాళ్లెవరుంటారు? వాళ్లు ముందు ఫోన్‌లో వెతుకుతారు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఈ అలవాటు మరీ పెరిగింది. సందు చివర షెడ్డులో ఎంత పనిమంతుడున్నా మ్యాపులో లేకపోతే ఆ బేరం మెయిన్‌రోడ్డు మీద అద్దాల షోరూమ్‌కే!

ఉచితం... ఉన్నన్నాళ్లే

మ్యాపులో పేరు పెట్టించుకోవడానికి గూగుల్ పైసా తీసుకోదు. షాపు అక్కడే ఉందని రుజువు చూపిస్తే చాలు. అదే ఖాతాతో చిన్న వెబ్‌సైట్ కూడా ఉచితంగా వచ్చేది. చాలామంది చిరువ్యాపారులు దాన్నే నమ్ముకున్నారు. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లన్నింటినీ తీసేసింది. విజిటింగ్ కార్డుల మీదా, ఫ్లెక్సీల మీదా అచ్చేయించుకున్న వెబ్ చిరునామాలు కొన్నాళ్లకి ఎటూ తీసుకెళ్లని దారులయ్యాయి. అద్దె కొట్టుకీ సొంత కొట్టుకీ ఉన్న తేడా అదే!

సొంత సైటుకి పెద్ద పెట్టుబడేం అక్కర్లేదు. డాట్ ఇన్ పేరు ఒకటి కొనుక్కుని ఏటా కాస్త రుసుము కడితే చాలు. అయితే ఆ పేరు యజమాని మీదే రిజిస్టరవ్వాలి. తయారుచేసిన కుర్రాడి ఖాతాలో ఉంటే రేపు అతను ఉద్యోగానికి వేరే ఊరెళ్లినా, గడువుకి డబ్బు కట్టడం మరిచినా షాపు పేరు చేజారిపోతుంది. షెడ్డు లీజు కాగితాలు బీరువాలో దాచుకున్నట్టే పాస్‌వర్డూ దాచుకోవాలి.

మరి అందులో ఏముండాలి? తిరిగే బొమ్మలూ, పాటలూ కాదు. ఒకే కారు పనికి ముందూ తర్వాతా, ఒకేచోట నుంచి ఒకే వెలుతురులో తీసిన ఫొటోలు. చిన్న కారుకెంత, పెద్ద బండికెంత, ఎన్ని గంటలు పడుతుంది అన్న పట్టిక. నొక్కితే ఫోన్ మోగే నంబరు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌కి ఓ దారి. ‘ఆటోనగర్ గేటు నుంచి ఎటు తిరగాలి’ అన్న రెండు తెలుగు ముక్కలు. ఇవన్నీ మామూలు ఫోన్‌లో చప్పున తెరుచుకోవాలి. అంతే!

బుడమేరు నేర్పిన పాఠం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇంటి ముందున్న కార్లూ, బైకులూ మునిగిపోయాయి. నీళ్లు తీశాక చూస్తే సీట్ల కింద ఒండ్రు, లోపలంతా బూజు వాసన. అలాంటప్పుడు కారున్నవాళ్లకి కావాల్సింది డిస్కౌంటు ప్రకటన కాదు, పనికొచ్చే మాట. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, ఇంజిన్‌లోకి నీళ్లెళ్లి ఉంటే అదే పెద్ద దెబ్బ. ముందు బ్యాటరీ వైరు తీయించాలి. బీమా కోసం ఫొటోలు తీసుకోవాలి. తర్వాత సీట్లు, కార్పెట్లు విప్పి ఆరబెట్టాలి... చిన్న షాపు తన సైటులో ఈ నాలుగు మాటలు తెలుగులో రాసి పెట్టుకుంటే ఏ ప్రకటనా తేలేని గౌరవం తెస్తుంది. కష్టంలో దారి చెప్పినవాణ్ని జనం అంత తొందరగా మరచిపోరు.

దీనికి రెండో వైపూ ఉంది. డబ్బులిచ్చి అయిదు నక్షత్రాలు కొనుక్కునేవాళ్లూ ఉంటారు. ఆన్‌లైన్ సమీక్షలు నిజాయితీగా ఉండేందుకు 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. అయినా చదివేవాడి జాగ్రత్తే చదివేవాడికి రక్ష. ఒకేరోజు పడిన పొగడ్తల కన్నా ‘డోరు పక్కన చిన్న గీత ఉండిపోయింది, చెబితే మళ్లీ చేసిచ్చారు’ అన్న ఒక్క మాటే షాపు గురించి ఎక్కువ చెబుతుంది.

ఆటోనగర్‌లో కుంచెతో రాసిన బోర్డులు పోయి ఫ్లెక్సీలొచ్చాయి. ఇప్పుడు బోర్డు జేబులోని ఫోన్‌లోకి చేరింది. బండిని గుమ్మం దాకా రప్పించడం వరకే దాని పని. ఆ కారు రెండోసారి రావాలంటే మాత్రం మేస్త్రి చేతిలో మిషన్ సరిగ్గా తిరగాల్సిందే!