హౌజు పక్కన మొలిచిన మొక్క

కర్నూలు శివారులో, హంద్రీ నదికి కాస్త ఎడంగా ఉన్న మా మదరసాలో వుజూ నీరు పారే సన్నని కాలువ ఒకటుంది. దాని వెంట కరివేప, గోరింట, రెండు జామచెట్లు పెంచుకున్నాము. కిందటి వానాకాలంలో హౌజు పక్కన ఒక కొత్త మొక్క తలెత్తింది. చీలికలు చీలికలుగా ఉన్న ఆకు చామంతిని పోలి ఉండటంతో, ఎవరో నాటారనుకొని నీళ్ళు కూడా పోశాము. నెలన్నర తిరిగేసరికి అది నడుమెత్తు ఎదిగి, నూకలు చల్లినట్లు తెల్లని పూలు పూసింది. మరి రెండు వానలకు జామచెట్ల మొదళ్ళు కనబడలేదు.

పేరేమిటని పిల్లలు అడిగారు. పాఠం చెప్పే నోటికి 'తెలియదు' అనే మాట అంత సులభంగా రాదు. "అడవి చామంతి" అన్నాము. ఒక శుక్రవారం వారిచేతనే పెరికించసాగాము, ఒట్టి చేతులతో.

పాలు పోయవచ్చిన పెద్దమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. "ఇది వయ్యారిభామ గదా సాయబూ! పిల్లోళ్ళతో పెరికిస్తాండారా?"

పొలం గట్ల మీద ఉంటుందని విన్న పేరే. మన ముంగిటికి వచ్చినప్పుడు పోల్చుకోలేకపోయాము. దీనినే పార్థీనియం అంటారు. పుట్టిల్లు అమెరికా ఖండం. 1950ల నడుమ పూణే ప్రాంతంలో కనిపించిన ఈ మొక్క దేశమంతా పాకింది. దిగుమతి గోధుమలతో వచ్చిందని చాలామంది నమ్మకం. కాంగ్రెసు గడ్డి అనీ పిలుస్తారు. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాల్చుతుంది. పుప్పొడి ఊపిరికి చేటు, ఆకు చర్మానికి చేటు.

మూడవనాడు ఒక పిల్లవాడి మోచేతులు, మెడ కంది దద్దుర్లు లేచాయి. "హజ్రత్, చామంతికి కూడా దురద పుడుతుందా?" అని అడిగాడు. వాడికింకా మా మాట మీద అనుమానం లేదు. తగ్గడానికి రెండు వారాలు పట్టింది. మరునాడు తరగతిలో, తెలియని దానికి పేరు పెట్టి తప్పు చేశామని చెప్పుకున్నాము.

ఇప్పుడు పెద్దవారమే చేతి తొడుగులు వేసుకొని, నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేరుతో పెరికి గోతిలో పూడ్చుతున్నాము. ఖాళీ అయిన చోట తగిరిస గింజలు చల్లాము. అది దట్టంగా ఎదిగి దీనిని అణచుతుందంటారు.

ఈ యేడు తొలకరికి ఆ పిల్లవాడే పిలిచాడు. కాలువ అంచున వేలెడు మొక్క. వాడు ముట్టుకోలేదు. మేము కళ్ళద్దాలు పెట్టుకొని వంగి చూశాము. ఆకు ఇంకా సరిగా విచ్చుకోలేదు. "ఏమిటి హజ్రత్?" అన్నాడు.

"తెలియదు నాయనా, పెద్దమ్మ రానీ" అన్నాము.