శంకర్ మనవాడు, జైకిషన్ వాళ్ళవాడు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా మా సొసైటీ కింది అరుగు మీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉంటారు. అరుగును ఇక్కడ ఓట్లో అంటారు. ఒకరు మా మామ. సిరిసిల్ల నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా అశ్వనీకుమార్ రోడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, చూసుకుంటున్న మనిషి. మగ్గాల షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు, ఖాతాలో సాంచాలు బాగుచేసే పెద్దను మాస్టర్ అంటారు. రెండో ఆయన పై అంతస్తు కాకా. మినీ బజార్‌లో ఏళ్ళ తరబడి వజ్రాలు వేరు చేసి, కంటికి శుక్లాలు వచ్చాక మానుకున్నారు. మేముండే వరాఛా అంటే సౌరాష్ట్ర నుంచి వచ్చిన పటేళ్ళ పేట. కాకా మాత్రం దక్షిణ గుజరాత్ మనిషి. ఊరు వాంస్దా పక్కన.

మన తెలుగువాళ్ళు సూరత్‌లో ఎక్కువగా లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా వైపు ఉంటారు. వరాఛాలో తక్కువ. అందుకే మా మామకు పొద్దుపోవాలన్నా, పోట్లాడాలన్నా కాకాయే దిక్కు. ఇద్దరూ మాట్లాడుకునేది హిందీ. వీళ్ళ మాటలు నా చెవికి ఎలా పడ్డాయో అలాగే మన తెలుగులోకి దించి రాస్తున్నాను.

పోట్లాట దేని మీదంటే, హిందీ సినిమా సంగీత దర్శకులు శంకర్–జైకిషన్ మీద.

ఈ జంట కథలో మాకు మాత్రమే కనిపించే ఒక ముడి ఉంది. శంకర్ సింగ్ రఘువంశీ హైదరాబాద్‌లో పెరిగినవాడు. తబలా ఆయన తొలి విద్య. జైకిషన్ డాహ్యాభాయ్ పంచాల్ 1929లో వాంస్దాలో పుట్టాడు. అప్పుడది చిన్న సంస్థానం, ఇప్పుడు నవసారి జిల్లాలో ఊరు, ఇక్కడి నుంచి రెండు గంటల ప్రయాణం. హార్మోనియం ఆయన చేతి వాద్యం. ఇద్దరూ బొంబాయిలో చంద్రవదన్ భట్ అనే గుజరాతీ దర్శకుడి ఆఫీసు బయట ఎదురుచూస్తూ కలిశారు. శంకర్ అప్పటికే పృథ్వీ థియేటర్స్‌లో ఉన్నాడు, జైకిషన్‌నూ అక్కడికి తీసుకుపోయాడు. 1949లో రాజ్‌కపూర్ తీసిన బర్సాత్‌తో ఇద్దరి పేర్లూ ఒకే పేరయ్యాయి. మామ ఈ సంగతి తెలుసుకున్న రోజు పై అంతస్తుకు ఎక్కి కాకా తలుపు కొట్టి, "సగం మాది, సగం మీది కాకా!" అన్నాడట. స్నేహం అప్పుడు మొదలైంది. పోట్లాటా అప్పుడే మొదలైంది.

ఆవారా మీద వీళ్ళకు ఎన్నడూ పేచీ రాలేదు. శ్రీ 420, చోరీ చోరీ, సంగమ్ మీదా రాలేదు. అవి ఎవరో ఒకరు కూనిరాగం తీస్తే రెండోవారు అందుకునే పాటలు. శ్రీ 420లోని 'రామయ్యా వస్తావయ్యా' పాటను కాకా చిన్నప్పటి నుంచీ పాడుతున్నారు. ఆ మాటలకు అర్థం ఉంటుందని మాత్రం ఆయన అనుకోలేదు, లలలా అన్నట్టు ఊరికే పెట్టిన అక్షరాలనుకున్నారు. రామయ్య అంటే మనిషి పేరు, వస్తావయ్యా అంటే వస్తావా అని అడగడం అని మామ విడదీసి చెప్పిన నాడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. "అరవై ఏళ్ళు పాడాను, పిలుస్తున్నానని తెలియదు" అన్నారట.

పేచీ అంతా మరుగున పడ్డ పాటల దగ్గరే. నేను చాలా ఆదివారాలు మధ్యలో కూర్చుని విన్నాక నాకు అర్థమైంది ఇది. పేరుపడ్డ పాట మన చేతికి వచ్చేసరికే దాని మీద నలుగురి అభిప్రాయం పేరుకుని ఉంటుంది. రాజ్‌కపూర్ ముఖం ఉంటుంది, రేడియో ఉంటుంది, పెళ్ళి బ్యాండు ఉంటుంది. ఎవరూ పట్టించుకోని పాటకు అవేవీ ఉండవు. మన చెవి ఒక్కటే దిక్కు. అక్కడ బాగుందన్నా బాగాలేదన్నా ఆ మాట మన సొంతం. అలాంటి మాట కోసమే మనిషి గట్టిగా నిలబడతాడు.

ఈ ఇద్దరి చెవులూ వాళ్ళ పనుల్లో తయారైనవే. ఖాతాలో నలభై సాంచాలు ఒక్కసారి కొడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. మామ ఆ వరసల మధ్య నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి, "దీని దెబ్బ తేడా ఉన్నది" అని చెయ్యి పెడతాడు. ఆపి చూస్తే ఏదో ఒక బోల్టు వదులై ఉంటుంది. కాకా సంగతి వేరు. మినీ బజార్‌లో రోడ్డు మీదే పొట్లం విప్పి, తెల్ల కాగితం మీద రాయి పెట్టి, చిమ్టాతో ఎత్తి, భూతద్దం కంటికి ఆనించి చూసే వందల మందిలో ఒకరు ఆయన. ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో పదికి తొమ్మిది ఈ ఊరి మీదుగా పోయేవే. అన్ని రాళ్ళు చూసిన కన్ను మెరుపును నమ్మదు. పాట వినేటప్పుడు కూడా కాకా ఒక కన్ను మూసుకుంటారు. పల్లవి మొదలు కాకముందు వచ్చే వాద్యాల ముక్కలోనే ఆయన తేల్చేస్తారు. "ఈ వయొలిన్లు చూడు మాస్టర్, ఇవి జైకిషన్ వేసినవి." వాద్యాల కూర్పులో గోవా నుంచి వచ్చిన సెబాస్టియన్ డిసౌజా చెయ్యి ఎంత ఉందో ఆయనకూ తెలుసు. తెలిసినా జైకిషన్ ఖాతాలోనే రాసుకుంటారు.

కాకా ఎప్పుడూ ముందు పెట్టేది ఆమ్రపాలి. 1966లో వచ్చింది, లేఖ్ టండన్ తీశాడు, వైజయంతిమాల నటించింది, ఆడలేదు. లతా మంగేష్కర్ పాడిన పాటలు అందులో ఎంత నిండుగా ఉన్నాయో విన్నవాళ్ళకే తెలుసు. అదే ఏడు వచ్చిన సూరజ్ పాటలు దేశమంతా మోగాయి, ఫిల్మ్‌ఫేర్ కూడా వాటికే ఇచ్చారు. "బజారులో అమ్ముడుపోయిన రాయీ మంచి రాయీ ఒకటి కాదు" అంటారు కాకా. ఈ మాటలో నేను పూర్తిగా ఆయన పక్షమే. సూరజ్ పాటలు నాకూ ఇష్టమే. కానీ ఆమ్రపాలిని రాత్రి దీపం తీసేసి విన్న మనిషి మళ్ళీ పోలిక తేడు.

మామ ముందు పెట్టేది 1968 నాటి ఎల్పీ, రాగా జాజ్ స్టైల్. సినిమా లేదు, మాటలు లేవు, గొంతే లేదు. పదకొండు హిందుస్థానీ రాగాలు. రయీస్ ఖాన్ సితార్ రాగాన్ని పట్టుకుని నడుస్తుంటే మనోహరి సింగ్ శాక్సొఫోన్ జవాబు చెబుతుంది. కింద డ్రమ్సు, బేస్ గిటారు, వాటి పక్కనే తబలా. తోడి, భైరవ్, మాల్కౌంస్, కళావతి, శివరంజని, చివరికి భైరవి. మాల్కౌంస్ వచ్చినప్పుడల్లా మామ నా వైపు తిరిగి, "గిది మన హిందోళమే అల్లుడా" అంటాడు, నాకు ఎన్నిసార్లు చెప్పాడో గుర్తుండదు. ఆ ఏడాదే ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. చేతి నిండా సినిమాలు. పైసలకు కొదవ లేదు. అలాంటప్పుడు ఎవరూ అడగని పని ఒకటి కూర్చుని చేశారు చూడండి, నాకు అక్కడ గౌరవం పుడుతుంది.

ఇది ఎవరి ఆలోచన అన్నదే వీళ్ళ పెద్ద తగాదా. రాగాలూ తబలా తెలిసినవాడు శంకర్ కాబట్టి శంకర్‌దే అని మామ. పాశ్చాత్య వాద్యాల మోజు జైకిషన్‌ది కాబట్టి జైకిషన్‌దే అని కాకా. శైలేంద్ర రాసినవి శంకర్, హస్రత్ జైపురి రాసినవి జైకిషన్ బాణీ కట్టేవారని ఒక లెక్క చెబుతారు. ఆ లెక్కకు తప్పిపోయేవీ ఉంటాయి. ఏది ఎవరిదో బయటపెట్టకూడదని ఇద్దరూ మాట అనుకున్నారని కూడా అభిమానుల్లో ఒక నానుడి. ఈ ఎల్పీకి మాటలే లేవు కాబట్టి ఏ లెక్కా పనికిరాదు. ఆదివారం పూటంతా పోయినా తేలదు. మధ్యలో అడధీ చాయ్, అంటే సగం కప్పు టీ, రెండుసార్లు వస్తుంది.

ఇలాంటి జంటను పడుగూ పేకా అనడం తేలిక. మామ దగ్గర ఆ మాట అనరాదు. ఒకసారి నేను అంటే ఒళ్ళోని గుడ్డపీసు అంచున ఒక పోగు గుంజి చూపించాడు. "గిది పడుగు. గిది పేక. గుడ్డల పోగు గుంజితే చెప్పొచ్చు. పాటల గుంజి సూపెట్టు."

మా ఈడు వాళ్ళకు ఇదే తగాదా రాజ్–కోటి మీద. టి.వి. రాజు గారి కొడుకు ఒకరు, సాలూరి రాజేశ్వరరావు గారి కొడుకు ఒకరు. 1983లో ప్రళయ గర్జనతో మొదలై 1994లో హలో బ్రదర్ దాకా వచ్చి, ఆ తర్వాత కొద్ది రోజులకే విడిపోయారు. మరుసటి ఏడు రాజ్ సిసింద్రీ చేశారు, కోటి పెదరాయుడు చేశారు. విడిగా చేసినవి విని, కలిసి చేసినవాటిలో ఎవరి పాలు ఎంతో వెనక్కి లెక్కకట్టవచ్చని నేనూ కొన్నాళ్ళు అనుకున్నాను. యముడికి మొగుడు, ముఠామేస్త్రి పక్కన పెట్టి పెద్దరికం పాటలు వినడం మొదలుపెట్టాక ఆ లెక్క వదిలేశాను. 2023 మేలో రాజ్ పోయారన్న వార్త నేను మొదట చెప్పింది మామకే. మామ రాజ్–కోటి పాటలు అంతగా వినడు. అయినా, "ఇగ ఒక్కడే మిగిలిండా" అన్నాడు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. జైకిషన్ 1971 సెప్టెంబర్ 12న పోయాడు. నలభై రెండు నిండలేదు. శంకర్ 1987 ఏప్రిల్ దాకా ఉన్నాడు. ఆ పదిహేనేళ్ళకు పైగా ఒక్కడే పని చేశాడు, ప్రతి సినిమా మీదా శంకర్–జైకిషన్ అనే వేయించాడు. బేఇమాన్‌కు ఫిల్మ్‌ఫేర్ వచ్చింది, 1975లో సన్యాసి ఆడింది. మిగతావి చాలామంది వినలేదు. కాకా వాటిని లెక్కలో వేయరు. "జైకిషన్ లేడు కదా, పేరుంటే ఏం?" అంటారు. ఈ ఒక్క విషయంలో మామ గొంతు లేస్తుంది. "పేరు తీసెయ్యొచ్చు కద కాకా? తియ్యలే. దోస్తు పేరు పక్కకు పెట్టుకొని పదిహేనేండ్లు పని చేసిండు. పేరుంటే మనిషి ఉన్నట్టే."

పోయిన సంక్రాంతికి జరిగింది చెప్పాలి. జనవరి 14న ఇక్కడ ఉత్తరాయణ్. మరుసటి రోజు వాసి ఉత్తరాయణ్. రెండు రోజులూ వరాఛా అంతా డాబాల మీదే ఉంటుంది. గాలిపటాలు, స్పీకర్లు, ఊంధియు గిన్నెలు. రెండో నాటి సాయంత్రం చీకటి పడి, దారాల చుట్టలు దింపేసి, పక్క డాబాల మీద పాటలు ఒక్కొక్కటే ఆగిపోయాక మామ ఫోన్ తీశాడు. "కాకా, మీరు విననిది ఒకటున్నది. మా భాషది."

శంకర్–జైకిషన్ తెలుగు సినిమాకు పాటలు చేశారన్న సంగతి మనలోనే చాలామందికి తెలియదు. జీవిత చక్రం, 1971. సి.ఎస్. రావు దర్శకత్వం, ఎన్.టి. రామారావు, వాణిశ్రీ. ఘంటసాల పాడారు. ఆయన పక్కన శారద పాడింది, సూరజ్‌తో హిందీలో పేరు తెచ్చుకున్న తమిళ గాయని. మామ వాళ్ళ నాయన ఆ సినిమా చూసి వచ్చి ఇంట్లో పాడుకునేవాడట. మామ ఇన్నేళ్ళూ కాకాకు ఎందుకు వినిపించలేదంటే, తెలియని భాషలో పాటను ఆయన చివరిదాకా వింటారో లేదో అని. మధ్యలో ఆపేస్తే మామ తట్టుకోలేడు.

పాట మొదలైంది. కాకా ఒక కన్ను మూసుకున్నారు. వాద్యాలు అయిపోయి ఘంటసాల గొంతు వచ్చేసరికి రెండో కన్నూ మూసుకున్నారు. అలా ఎప్పుడూ చేయరు. నేను మామను చూస్తున్నాను. మామ ఫోన్‌ను రెండు చేతులతో, ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

పాట అయ్యాక కాకా అన్నారు. "ఈ గొంతు ఎవరిది?"

"ఘంటసాల. మాకు రఫీ, మన్నాడే ఇద్దరూ గాయనే."

"ఈ అమ్మాయి శారద. శారద ఉందంటే శంకర్ చేసిందే."

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని మామ అనుకోలేదు. శారద శంకర్ ఎంచుకున్న గొంతు అన్నది నిజమే, ఆ గొంతు దగ్గరే మిత్రులిద్దరికీ దూరం వచ్చిందనీ అంటారు. 1971 నాటికి ఇద్దరూ ఒక పేరు కింద విడివిడిగానే పని చేస్తున్నారు. కాకా ఇవన్నీ ఎరుగుదురు. గెలుపు మామ చేతిలో పెట్టేశారు.

కాసేపాగి కాకా జేబులోంచి వజ్రాల పొట్లం కాగితం ఒకటి తీశారు. పని మానుకున్నా ఆ కాగితాలు జేబులోనే ఉంటాయి, లోపల పలచటి నీలిరంగు పొరతో. దాని మీద గుజరాతీ అక్షరాల్లో జీవిత చక్రం అని రాసుకున్నారు. ఆ రెండు మాటలకూ ఆయన అర్థం అడగలేదు, అడగక్కర్లేదు కూడా. కింద 1971 అని వేశారు. ఆ అంకె మీద కలం ఆపి తలెత్తారు.

"మాస్టర్, ఇందులో జైకిషన్ ఉన్నాడా?"

మామ తడుముకోలేదు. "ఉన్నడు కాకా. పేరుంది కద."

"అయితే ఇంకోసారి పెట్టు" అన్నారు కాకా.